533240లో ఏ అంకె ఏం చెబుతుంది? పిన్ కోడ్ మీద ఒక పాత సార్టర్ జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది కోనసీమలో పి.గన్నవరం దగ్గర పల్లె. దరఖాస్తు ఫారంలో 533240 కొట్టగానే జిల్లా గడిలో తూర్పు గోదావరి అని దానంతటదే పడుతోంది, మార్చనివ్వడం లేదు. ఆన్‌లైన్‌లో ఏదైనా కొంటే అదే పిన్ ఉన్న పక్క ఊరికి తెస్తున్నారు గానీ మీ ఊరికి రామంటున్నారు. ఈ టెన్షన్ ఎందుకు, అమలాపురం పిన్ వేసెయ్ అని ఎవరో అన్నారు. అలా వేయొచ్చా, అసలు ఈ ఆరు అంకెలు ఎలా పని చేస్తాయి అని అడిగారు.

అమలాపురం పిన్ మాత్రం వేయకండి. ఎందుకు వద్దంటున్నానో పిన్ పుట్టుక దగ్గర్నుంచి చెబితేనే తెలుస్తుంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆర్‌ఎమ్‌ఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు సార్టింగ్ చేశాను. పోస్టాఫీసు అందరికీ తెలుసు, మా విభాగం చాలామందికి తెలియదు. రైల్వే స్టేషన్ల పక్కన రాత్రంతా లైట్లు వెలిగే గదులు మావి. మా డివిజన్లకు అక్షరాల పేర్లుంటాయి: విజయవాడది వై, విశాఖపట్నానిది వి, హైదరాబాద్‌ది జెడ్, గుంతకల్లుది ఏజీ. పగలు మీరు డబ్బాలో వేసిన ఉత్తరం రాత్రికి మా ముందుకు వస్తుంది. ఎదురుగా గోడంత చెక్క అర, దాన్నిండా చిన్న చిన్న గూళ్ళు. కవరు చేతిలోకి తీసుకున్న ఒకటి రెండు క్షణాల్లో అది ఏ గూటిలోకి వెళ్ళాలో తేల్చాలి. ఆ క్షణంలో నా కన్ను పేరు మీదికీ ఊరి మీదికీ పోదు, నేరుగా అడుగున ఉన్న అంకెల మీదికి పోతుంది.

అంకెలు లేని రోజుల గురించి నాకు పని నేర్పిన పెద్దలు చెప్పేవారు. ఏ ఊరు ఏ పోస్టాఫీసు కిందికి వస్తుందో, దాని సంచి ఏ రైలు నుంచి ఏ స్టేషన్లో దిగుతుందో కంఠస్థం చేయాల్సి వచ్చేదట. మన ఊళ్ళ పేర్లు మీకు తెలియనివి కావు. వెంకటాపురం, రామాపురం, కొత్తపల్లి, గొల్లపల్లి లేని జిల్లా ఉందా? మీ గన్నవరమే తీసుకోండి. విమానాశ్రయం ఉన్న గన్నవరం విజయవాడ పక్కన ఉంది, దాని పిన్ 521101. మీది 533240. ద్రాక్షారామం దగ్గరి రామచంద్రపురం 533255, హైదరాబాద్ శివార్లలో బీహెచ్‌ఈఎల్ ఉన్న రామచంద్రపురం 502032. గుంటూరు వైపు అమరావతి 522020, మహారాష్ట్రలోని అమరావతి 444601. దానికితోడు ఒకరు తెలుగులో రాస్తారు, ఒకరు ఉర్దూలో, ఒకరు బెంగాలీలో. పంజాబ్‌లో సార్టింగ్ చేసే మనిషికి తెలుగు కవరు ఇస్తే ఏం చేస్తాడు?

ఈ చిక్కు విప్పడానికే 1972 ఆగస్టు 15న పోస్టల్ ఇండెక్స్ నంబర్ వచ్చింది. ఆ పేరును కుదిస్తేనే పిన్. దాన్ని రూపొందించినది అప్పట్లో కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వెలంకర్. ఆయన సంస్కృత కవి కూడా. భాష మీద అంత పట్టున్న మనిషి, ఏ భాషా రానివాడు కూడా చదవగల గుర్తును తయారు చేశారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఇక మీ 533240ని విప్పి చూద్దాం. మొదటి అంకె 5 జోన్‌ది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. తమిళనాడు, కేరళకు 6, ఢిల్లీ, పంజాబ్ వైపు 1, ఉత్తరప్రదేశ్‌కు 2, బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలకు 7. మొదటి రెండంకెలు కలిపి చదివితే ఇంకా దగ్గరికి వస్తాం. 50 తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్ర, 56 నుంచి 59 వరకు కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిపితే సార్టింగ్ జిల్లా. 533 అంటే పాత తూర్పు గోదావరి, 534 పశ్చిమ గోదావరి, 532 శ్రీకాకుళం, 522 గుంటూరు, 516 కడప, 505 కరీంనగర్, 506 వరంగల్. చివరి మూడు అంకెలు ఆ జిల్లాలో ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసువి. మీకు 240 అంటే పి.గన్నవరం ఆఫీసు.

ఢిల్లీలో సార్టర్‌కి కోనసీమ ఎక్కడుందో తెలియక్కర్లేదు. 533 చూస్తాడు, గోదావరి కట్టలో వేస్తాడు. ఆ కట్ట మా వైపు వచ్చాక మేం చివరి మూడు చూస్తాం. 240 అయితే పి.గన్నవరం సంచిలోకి. ఆ సంచి అక్కడ విప్పాక పల్లెల వారీగా విడదీసి బ్రాంచి పోస్టాఫీసులకు పంపుతారు. ఊరి పేరు, ఇంటి పేరు, వీధి అప్పుడు గానీ అవసరం పడవు. అంటే చిరునామాను పంపించే చోట కింది నుంచి పైకి చదువుతారు, అందించే చోట పై నుంచి కిందికి చదువుతారు. రెండు సగాలూ సరిగ్గా ఉంటేనే ఉత్తరం చేరుతుంది.

చాలామంది పొరబడేది ఒక విషయంలో. పిన్ మీ ఊరికి ఇచ్చింది కాదు. ఉత్తరాలు బట్వాడా చేసే ఆఫీసుకు ఇచ్చింది. దేశంలో లక్షా 60 వేలకు పైగా పోస్టాఫీసులు ఉన్నాయి, పిన్ కోడ్‌లు 19 వేల పైచిలుకే. అంటే సగటున ఒక పిన్ కింద సుమారు ఎనిమిది ఆఫీసులు. మీ పల్లెలో ఉన్న బ్రాంచి పోస్టాఫీసుకు సొంత పిన్ ఉండదు, అది ఏ సబ్ పోస్టాఫీసు కింద ఉందో దాని పిన్నే వాడుతుంది. పట్నాల్లో కూడా ఇలాంటిదే జరుగుతుంది. స్టాంపులు అమ్మి, పొదుపు ఖాతాలు చూసుకుని, బట్వాడా మాత్రం చేయని ఆఫీసులు చాలా ఉంటాయి. మీ ఇంటి ఎదురుగా అలాంటి పోస్టాఫీసు ఉన్నా, మీ ఉత్తరం రెండు కిలోమీటర్ల అవతలి ఆఫీసు నుంచి రావచ్చు. మీ పిన్ ఆ అవతలి ఆఫీసుదే.

అంకెలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఊళ్ళు పక్కపక్కన ఉండవు. హైదరాబాద్‌లో మాదాపూర్ 500081, దాన్ని ఆనుకునే ఉన్న గచ్చిబౌలి 500032. పెద్ద నగరాల్లో పిన్ రాకముందే బట్వాడా వార్డులకు నంబర్లు ఉండేవి, వాటినే చివరి అంకెలుగా తీసుకున్నారు. పాత తరం వాళ్ళు ఇప్పటికీ 'హైదరాబాద్-29' అని రాస్తారు, అది హిమాయత్‌నగర్, 500029. నా చేతికి అలాంటి కవర్లు వస్తే ముచ్చటగా ఉండేది.

9తో మొదలయ్యేవి సైన్యానివి. జవాను ఎక్కడ ఉన్నాడో కవరు మీద రాయకూడదు కాబట్టి యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (అంటే ఆర్మీ పోస్టాఫీసు), 900056 అని ఉంటుంది. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం ఉంది కదా, ఇంటింటా సైనికులున్న ఊరు. అలాంటి ఊళ్ళ నుంచి వెళ్ళే ఉత్తరాలకు ఆ ఆరంకెలే దారి. కొడుకు కాశ్మీర్‌లో ఉన్నాడో అస్సాంలో ఉన్నాడో తల్లికి తెలియదు, ఉత్తరం మాత్రం అందుతుంది. నేను చేసిన పనిలో నాకు బాగా తృప్తినిచ్చినది ఆ కట్టే.

ఇంకో సంగతి. ఆధార్ నంబరులో చివరి అంకె మిగతా వాటిని సరిచూసుకోవడానికే ఉంటుంది. ఒక్క అంకె తప్పు కొడితే కంప్యూటర్ వెంటనే పట్టుకుంటుంది. పిన్‌లో ఆ ఏర్పాటు లేదు. 533కి బదులు 523 పడిందంటే అది కూడా నిజమైన జిల్లానే, ప్రకాశం. ఉత్తరం నిక్షేపంగా ఒంగోలు వైపు వెళ్ళిపోతుంది. అక్కడ అలాంటి ఊరు లేదని తేలాకే వెనక్కి తిరుగుతుంది. ఒకసారి ఒక కుర్రాడి ఇంటర్వ్యూ కార్డు మా టేబుల్ మీదికి రెండోసారి వచ్చింది. పిన్ లేకుండా రామచంద్రపురం అని మాత్రమే రాశారు, అది హైదరాబాద్ వైపు వెళ్ళి తిరిగొచ్చింది. కార్డు మీద ఇంటర్వ్యూ తేదీ నాలుగు రోజుల కిందటిది. సరైన సంచిలో వేయడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. అప్పటి నుంచి నాకు తెలిసిన ప్రతి ఇంట్లో పిల్లలకు పిన్ బట్టీ పట్టిస్తున్నాను.

ఇప్పుడు మీ జిల్లా గడి సంగతికి వద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందే 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. జిల్లాలు మారాయని పిన్‌లు మార్చలేదు. మార్చనక్కర్లేదు కూడా, ఎందుకంటే సంచులు వెళ్ళే దారి మారలేదు. కలెక్టరేట్ కాకినాడ నుంచి అమలాపురానికి వస్తే పి.గన్నవరం సంచికి ఏమిటి సంబంధం? కానీ వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్ళు పిన్‌కీ జిల్లాకీ ముడిపెట్టిన పాత పట్టికను తెచ్చుకుని అలాగే వాడుతున్నారు. తప్పు మీ పిన్‌లో లేదు, ఆ పట్టికలో ఉంది.

పరిపాలన హద్దులకూ తపాలా హద్దులకూ పొత్తు కుదరని చోట్లు మన దగ్గరే ఎన్నో. యానాం పుదుచ్చేరిలో భాగం. పుదుచ్చేరి పిన్‌లు 605తో మొదలవుతాయి. యానాం పిన్ మాత్రం 533464. ఎందుకంటే ఉత్తరం గోదావరి మీదుగానే రావాలి, పుదుచ్చేరి నుంచి కాదు. పోలవరం ముంపు కింద 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు పిన్ 507126, చూస్తే ఖమ్మం నంబరు. రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా పిన్‌లు మార్చాల్సిన పని పడలేదు. 500 నుంచి 509 దాకా తెలంగాణ జిల్లాలకు, 515 నుంచి 535 దాకా ఆంధ్ర జిల్లాలకు ముందే పడి ఉన్నాయి. తపాలా శాఖలో తెలంగాణకు వేరే సర్కిల్ 2016లో వచ్చింది, అంకెలు మాత్రం అవే.

పిన్ ఉత్తరాల కోసం పుట్టినా ఇవాళ ఉత్తరాల కంటే వేరే పనులకే ఎక్కువ వాడుతున్నారు. ఆ పనుల్లో కొన్నింటికి అది సరిగ్గా అతుకుతుంది, కొన్నింటికి అతకదు. బాగా అతికే పని సరుకు రవాణా. 50 వేల రూపాయలు దాటిన సరుకు పంపాలంటే జీఎస్టీ ఈ-వే బిల్లు కావాలి. అందులో బయలుదేరే చోటు పిన్, చేరే చోటు పిన్ కొడితే దూరం దానంతటదే వస్తుంది. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లు చెల్లుబాటు ఉంటుంది. పిన్ తప్పు వేస్తే దూరం తప్పుతుంది, దూరం తప్పితే గడువు తగ్గొచ్చు, గడువు దాటితే లారీని దారిలో ఆపేస్తారు. లారీల్లో సరుకు ఎక్కించే మన కోనసీమ వ్యాపారులకు ఇది చాలా ముఖ్యమైన విషయం.

ఆన్‌లైన్ అమ్మకాల్లో పరిస్థితి వేరు. అక్కడ మీ పిన్ కొట్టినప్పుడు వాళ్ళు పోస్టాఫీసును చూడరు. ఆ పిన్‌కి తమ గోడౌన్ నుంచి మనిషి వెళ్తాడా, ఎన్ని రోజులు పడుతుంది, నగదు తీసుకుని ఇవ్వొచ్చా అని తమ లెక్కలు చూసుకుంటారు. ఒక పిన్ కింద పది పదిహేను పల్లెలుంటే, రోడ్డు పక్క పల్లె వాళ్ళకు లాభం, ఏటి అవతలి లంక వాళ్ళకు నష్టం. కొందరు పిన్ మొత్తాన్ని వదిలేస్తారు, కొందరు లోపల పల్లెల వారీగా విడదీసుకుంటారు. మీ పక్క ఊరికి వచ్చి మీకు రాకపోవడం ఈ రెండో పద్ధతి వల్లే అయ్యుంటుంది. అప్పులిచ్చే సంస్థలు కూడా కొన్ని పిన్‌లకు ఇవ్వమని ముందే గీత గీసుకుంటాయి. సకాలంలో కట్టే మనిషి కూడా పొరుగువాడి బాకీకి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. ఉత్తరం చేర్చడానికి గీసిన గీతతో మనిషి నిజాయితీని కొలవకూడదు.

ఇలా కొలిస్తే ఎంత ప్రమాదమో అమెరికాలో ఒక ఊరి కథ చెబుతుంది. వాళ్ళ జిప్ కోడ్ 1963లో వచ్చింది, అదీ ఉత్తరాల కోసమే. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో 2014లో తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చాక పైపుల్లోని సీసం నీళ్ళలో కలిసింది. పిల్లల రక్తంలో సీసం పెరిగిందా అని రాష్ట్ర ఆరోగ్య శాఖ జిప్ కోడ్‌ల వారీగా లెక్క చూసింది. ఫ్లింట్ పేరున్న జిప్ కోడ్‌లలో సుమారు మూడో వంతు జనం నగరం బయట ఉన్నారు, వాళ్ళు తాగేది వేరే నీళ్ళు. వాళ్ళందరినీ కలిపేసరికి పెరుగుదల పలచబడిపోయింది. 2015లో మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టర్, ఒక భూగోళ పరిశోధకుడితో కలిసి, ఒక్కో పిల్ల ఇల్లు ఎక్కడుందో పటం మీద పెట్టి చూశారు. అప్పుడు గానీ నిజం బయటపడలేదు. మన దగ్గర కూడా పిన్ వారీగా జబ్బుల లెక్కలు వేసేవాళ్ళు దీన్ని మరిచిపోకూడదు.

దేశాన్ని బట్టి కోడ్ ఎంత చిన్న చోటును పట్టుకుంటుందో మారుతుంది. బ్రిటన్‌లో ఒక పోస్ట్‌కోడ్‌కి సగటున పదిహేను ఇళ్ళు. అందుకే అక్కడి మనవాళ్ళు ఇంటి నంబరు, పోస్ట్‌కోడ్ రెండే చెప్పి చుట్టాలను గుమ్మం దాకా రప్పించుకుంటారు. సింగపూర్‌లో దాదాపు ఒక్కో భవనానికి ఒక కోడ్. ఐర్లండ్‌లో 2015 నుంచి ఒక్కో చిరునామాకు వేరే కోడ్. అమెరికా వెళ్ళిన కొత్తలో పిల్లలు పెట్రోల్ బంకులో మన బ్యాంకు కార్డు పెడితే జిప్ అడుగుతుంది. కార్డు ఆ చిరునామాదేనా అని సరిచూసే తనిఖీ అది. అది అయిదంకెలు, మన పిన్ ఆరంకెలు. లోపలికి వెళ్ళి కౌంటర్లో డబ్బు కట్టడమే మార్గం. దుబాయ్‌లో పోస్ట్‌కోడ్ పద్ధతే లేదు, ఉత్తరాలు పీఓ బాక్సులకు వస్తాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఏదైనా వెబ్‌సైట్ తప్పనిసరిగా పోస్ట్‌కోడ్ అడిగితే సున్నాలు కొడుతుంటారు, అక్కడ అది మామూలే.

మనకు కూడా ఇంటి దాకా వచ్చే కోడ్ ఒకటి వచ్చింది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది. దాన్ని ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి తయారు చేసింది. ఆ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. దేశం పటాన్ని 16 గళ్ళు చేసి, ఒక్కో గడిని మళ్ళీ 16 గళ్ళు, ఇలా పది సార్లు విడదీస్తే ఇంచుమించు నాలుగు మీటర్ల చదరం మిగులుతుంది. ఆ చదరానికి పది గుర్తుల కోడ్. లంకల్లో, తండాల్లో, డోర్ నంబరు లేని ఇళ్ళకు అంబులెన్స్ రావాలంటే ఇది ఎంతో పనికొస్తుంది. అయితే ఇది పిన్‌కి బదులు కాదు. సంచి ఏ ఆఫీసుకు వెళ్ళాలో డిజిపిన్ చెప్పదు, ఎన్నో అంతస్తో కూడా చెప్పదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అందులో మీ పేరు ఉండకపోయినా, పేరు పక్కన ఆ కోడ్ రాస్తే మీ గుమ్మాన్ని చూపించినట్టే. అడిగిన ప్రతి వెబ్‌సైట్‌కీ ఇవ్వకండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు మీ ఊరి బ్రాంచి పోస్టాఫీసుకు వెళ్ళి, అది ఏ సబ్ ఆఫీసు కిందికి వస్తుందో బీపీఎం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్) గారిని అడగండి. మండలం పి.గన్నవరం అయినా పక్క ఆఫీసు నుంచి బట్వాడా అయ్యే పల్లెలు ఉంటాయి. తపాలా శాఖ వాళ్ళ 'నో యువర్ పిన్ కోడ్'లో కూడా చూసుకోవచ్చు. రెండూ ఒకటే చెబితే ఆ పిన్‌నే ఆధార్‌లో, బ్యాంకులో, అన్ని చోట్లా ఒకేలా రాయండి. చిరునామాలో ఊరి పేరు తర్వాత బ్రాంచి ఆఫీసు పేరు, ఆ తర్వాత సబ్ ఆఫీసు పేరు రాయండి. ఒకే పిన్‌లో ఒకే పేరున్న రెండు పల్లెలుంటే పోస్ట్‌మాన్‌కి ఆ ఒక్క మాటే ఆధారం.

జిల్లా గడి మారకపోతే చిరునామా రెండో వరుసలో 'డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా' అని మీరే రాసేయండి, ఆ పేజీ ఫొటో తీసి దాచుకోండి, వాళ్ళ హెల్ప్‌లైన్‌కి పట్టిక పాతదని రాయండి. జిల్లా తప్పుగా ఉన్నా పిన్ సరిగ్గా ఉంటే కవరు మీ ఇంటికే వస్తుంది. జిల్లా సరిపోవాలని 533201 వేశారంటే కవరు అమలాపురం సంచిలో దిగుతుంది, అక్కడి పోస్ట్‌మాన్ మీ వీధి కోసం వెతికి, దొరక్క వెనక్కి పంపుతాడు. హాల్‌టికెట్టో, ఏటీఎం కార్డో అయితే ఆ నాలుగు రోజులు చాలా ఖరీదైనవి.